లాల్‌కి అడ్డుపడేవాళ్లేరీ?

మారేడ్‌పల్లిలో వాన దంచికొడుతోంది. తడిసి ముద్దయిన ఉదయ్‌కిరణ్ సాయిదుర్గ ఇంటి తలుపు కొట్టాడు.

"ఏటి, స్టార్ రైటర్ గారికి మా ఇల్లు గుర్తొచ్చింది?" అంది తలుపు తీసిన సాయిదుర్గ.

కోపం మరి! ఇద్దరూ కలిసి రాసిన 'మేడ మీద మరిడమ్మ' సీరియల్ రెండేళ్లు అందరినీ నవ్వించింది. కిరాయికుండే లాల్ కోతలు ఉదయ్ రాసేవాడు, ఇంటి ఓనర్ మరిడమ్మ దెప్పిపొడుపులు సాయిదుర్గవి. లాల్‌కి పేరొచ్చిందని ఛానెల్ వాళ్లు వాడితో ఇంకో సీరియల్ మొదలుపెట్టి ఉదయ్ ఒక్కడికే అప్పగించారు. మహానుభావుడు ఎగిరి గంతేశాడు. ఆమెకు ప్రోమో చూశాకే తెలిసింది.

"ఈ వారం నడవకపోతే షో బంద్ దుర్గా. జెర చెప్పు, ఎవ్వరూ నవ్వుతలేరేంది?"

"లాల్‌కి బంగళా ఇచ్చావు, కారిచ్చావు. చుట్టూ అందరూ వాడిని పొగిడేవాళ్లే! వాడు కోతలు కోస్తే నవ్వురాదు. మధ్యలో మరిడమ్మ 'ముందు మోటారు కట్టెయ్యి' అంటే వాడి మొహం మాడుతుంది చూడు, దానికొస్తుంది నవ్వు. ఇప్పుడు అడ్డుపడేవాళ్లేరీ?"

ఉదయ్ తల దించుకున్నాడు.

"నాకు సుత గదే అయింది. ఏం రాసినా మంచిగుందంటున్నరు. నువ్వైతే పేపర్ మొహాన కొడుతుంటివి. చెప్పకుండ పోయిన, తప్పు నాదే. నువ్వు లేకుంటే నాకే నవ్వు వస్తలేదు."

సాయిదుర్గ చప్పున చూపు తిప్పుకుంది. కోపం కరిగిపోతోందని అతనికి తెలియకూడదుగా!

ఇంతలో వాళ్లమ్మ కాంతమణి తువ్వాలు తెచ్చింది. "తుడుచుకో బాబూ, జలుబు చేసీగలదు."

"థాంక్స్ అత్తమ్మా!"

సాయిదుర్గ మొహం ఎర్రబడింది.

"అంటే... మా గల్లీల పెద్దోళ్లందరినీ గట్లనే పిలుస్తం" అని నసిగాడు ఉదయ్.

"మా విజయనగరంలో ఊరికే పిలవరు బాబూ. అలవాటుగా అన్నావా, మనసులో ఉండి అన్నావా?"

ఉదయ్ సాయిదుర్గను చూశాడు. ఈసారి ఆమె చూపు తిప్పుకోలేదు.

"ఇందాక అలవాటుగనే అన్న. ఇప్పుడు మనసుల ఉండి అంటున్న... అత్తమ్మా."

కాంతమణి తువ్వాలు కూతురి చేతిలో పెట్టింది.

"అలా నిలబడిపోయావేటే? అబ్బాయి తల తుడువు."