మునుబతకని పిల్ల

ఆరో తరగతిలో కొత్తగా చేరిన ఆడపిల్లలు బస్సు దిగి, ఎవరి ట్రంకుపెట్టె వాళ్ళు మోసుకుంటూ, ఎవరినీ దారి అడక్కుండా హాస్టల్ మెట్లెక్కేశారు. అనంతగిరి కొండల మీదున్న ఆ మబ్బుకోన గురుకులంలో వాళ్ళెవరూ అంతకుముందు కాలుపెట్టి ఎరగరు. అయినా ఏ మంచం ఎవరిదో, ఏ కిటికీ రెక్క బిగుసుకుపోతుందో, ఏ కుళాయి కింద బకెట్టు పెడితే పడిగాపులు పడాలో అందరికీ కొట్టిన పిండే. ఒకమ్మాయి వంటశాలలోకి తొంగిచూసి, "సత్తెమ్మత్తా, ఇవాళైనా పప్పులో ఉప్పు వేశావా?" అని పరాచికమాడింది. వంటావిడ నవ్వి గరిటె ఝళిపించింది. వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడటం అదే మొదటిసారి.

గేటు దగ్గర తల్లిదండ్రులు కూడా పిల్లల్ని పక్కవీధిలో పేరంటానికి దిగబెట్టినంత తేలిగ్గా చెయ్యూపి వెనుదిరిగారు. ఏడ్చిన పిల్ల లేదు. కొంగు కళ్ళకద్దుకున్న తల్లి లేదు.

ఒక్క నూకరత్నం మాత్రం వరండాలో బిక్కమొహంతో నిలబడిపోయింది. చివరికి అటుగా వెళ్తున్న అమ్మాయిని ఆపి, "బాత్రూములు ఎటేపున్నాయి?" అని అడిగింది.

ఆ అమ్మాయి పేరు మంజీర. మెదక్ నుంచి వచ్చింది. బడిలో చేరడానికి వచ్చిన పిల్ల బాత్రూము ఎక్కడని అడగడం తను కలలో కూడా అనుకోని సంగతి. తెల్లబోయి, వెంటనే తేరుకుని, "రా, నేను చూపిస్త," అంటూ రత్నం చెయ్యి పట్టుకుంది. చాలా గట్టిగా పట్టుకుంది. అంత గట్టిగా ఎందుకో రత్నానికి అర్థం కాలేదు.

ఆ కాలంలో మునుబతుకు లేకుండా ఎవరూ ఏ పనికీ పూనుకునేవారు కారు. ఊరూరా ఒక మునుబతుకు గది ఉండేది. అక్కడ వాలుకుర్చీలో పడుకుని తలకు మెత్తటి ఊహాపట్టీ చుట్టుకుంటే, మధ్యాహ్నం కునుకు తీసి లేచేంతలో రాబోయే నెలను ముందే బతికి రావచ్చు. పెళ్ళి కుదిరిన జంట కాపురం చేసి చూసుకునేది. ఇల్లు కొనేవాడు ఒక వానాకాలం అందులో ఉండి, కప్పు కారుతుందో లేదో తేల్చుకునేవాడు. ఆపరేషనంటే హడలిపోయే ముసలాయన నొప్పితో సహా అంతా చవిచూసి, "ఓస్, ఇంతేనా!" అంటూ లేచి కూర్చునేవాడు. అక్కడ కనిపించేవాళ్ళను నీడమనుషులు అనేవారు. అసలు మనిషి మాటతీరు, అలకలు, అలవాట్లు అన్నీ పోగుచేసి అల్లిన నీడలవి. మనిషి గుండెల్లోంచి ఇంత భయాన్ని తీసిపారేసిన వస్తువు మరొకటి పుట్టలేదంటే ఒప్పుకుని తీరాలి. ఒప్పుకోం అని మొండికేసినవాళ్ళు కూడా తమ పిల్లలను బడికి పంపేముందు ఆ గది ముందు వరుసలో నిలబడ్డవాళ్ళే.

రత్నానికి చిన్నతనంలో మూర్ఛలు వచ్చేవి. తగ్గి చాలాకాలమైనా, ఆ తలకు ఊహాపట్టీ చుట్టడానికి డాక్టర్లు ససేమిరా అన్నారు. అందువల్ల ఆ ఏడు మబ్బుకోనలో నిజంగా కొత్తపిల్ల అంటే ఆమె ఒక్కతే.

వార్డెన్ సుగుణావతి దగ్గరుండి ఆమె మంచం చూపించింది. మంచం పక్కన అలమర, అలమరలో కంచం, గ్లాసు. కంచం మీద నూకరత్నం అని చెక్కి ఉంది. రత్నం ఆ అక్షరాల మీద వేలు పెట్టి రాసింది. భీమిలి రేవులో తల్లి పైడితల్లి సముద్రపు నాచుతోటల్లో పనిచేస్తుంది. పడవెక్కితే మళ్ళీ ఎప్పటికో గానీ గట్టుకు రాదు. అన్నాళ్ళూ రత్నం పక్కింటివాళ్ళ వసారాలో పడుకుని, వాళ్ళు పెట్టింది తిని, ఎవరికీ అడ్డం కాకుండా ఒదిగి ఉండటం నేర్చుకుంది. ఇక్కడ మంచం తనది, కంచం తనది. ఆ సంతోషం ఎంతదో ఆ పిల్లకే తెలియాలి.

అలాగని ఏడవకుండా ఉందా? వెక్కి వెక్కి ఏడ్చింది. మొదటిపూట ముద్ద గొంతు దిగలేదు. తెల్లవారి గంట మోగితే ఒళ్ళు మండిపోయింది. చుట్టూ అందరూ పుట్టింట్లో ఉన్నట్టు తిరుగుతుంటే, తనొక్కతే సబ్బుపెట్టె ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడితే ఎవరికి మాత్రం దుఃఖం రాదు?

పొద్దున్నే జడల వరుస. వరండా పొడవునా పిల్లలంతా ఒకరి వెనక ఒకరు కూర్చుని, వెనకామె ముందామెకు జడ వెయ్యాలి. గంట కొట్టగానే కొత్తపిల్లలు తడుముకోకుండా ఎవరి చోటులో వాళ్ళు కూర్చున్నారు. దువ్వెనలు చకచకా కదిలాయి. రత్నానికి ఆ వరుసలో ఎక్కడా చోటు లేదు. అది ఎవరూ కావాలని చేసింది కాదు. వాళ్ళ చేతులకు ఆమె లేని వరుసే అలవాటు. అది గమనించగానే అందరి ముఖాలూ పాలిపోయాయి. "నా ముందు కూర్చో" అంటే "నా ముందు" అని అందరూ ఒక్కసారే లేచారు.

ఆ వారమంతా అదే తీరు. కడప నుంచి వచ్చిన నఫీసా తన కొత్త దువ్వెన ఇచ్చేసింది. ఒకామె కిటికీ పక్క మంచం వదులుకుంది. ఇంకొకామె తన నెయ్యిసీసా మొత్తం రత్నం అన్నంలో వంపబోయింది. అంత మంచిపిల్లలను రత్నం ఎన్నడూ చూడలేదు. కాని ప్రతి ఒక్కరూ ఏదో ఇచ్చేటప్పుడు, ఊరికి బయలుదేరిన చుట్టానికి చేతిలో పెట్టినట్టు ఇస్తున్నారు. అదే ఆమెకు అంతుపట్టలేదు.

శనివారం మధ్యాహ్నం మంజీర సకినాల డబ్బా తెచ్చి రత్నం అలమరలో పెట్టింది.

"రేపు మీ అమ్మతోని పోయేటప్పుడు ఇది యాది మరువకు."

"నానెక్కడికెల్తాను? రేపు ఆదోరం కదా, మాయమ్మ సూసెల్లడానికొస్తాది."

మంజీర నాలుక కరుచుకుంది. తల దించుకుంది. రత్నం ఆమె గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తాక గానీ మాట బయటపడలేదు.

"మా అందరి మునుబతుకులల్ల నువ్వు రేపు పోతవే. మీ అమ్మ చెయ్యి పట్టుకొని బస్సెక్కినవు. మళ్ళ రాలేదు."

రత్నం పరుగెత్తుకుంటూ వార్డెన్ గదికి పోయింది.

"మేడమ్, మునుబతుకు తప్పుతాదేటండీ?"

సుగుణావతి అబద్ధమాడే మనిషి కాదు. చేతిలో పని పక్కన పెట్టి, పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుంది.

"నేనిక్కడికి వచ్చాక తప్పడం చూడలేదమ్మా. నీ సంగతి నాకూ చెప్పారు. నీ మంచానికి కొత్త దుప్పటి వెయ్యాలా, వారానికి పాతది చాలదా అని ఒక్క క్షణం ఆలోచించాను. ఆ తర్వాత నాకే సిగ్గేసి కొత్తది వేశాను. అది నీ దుప్పటి. నువ్వు ఉంటానంటే పొమ్మనేవాళ్ళు ఇక్కడ లేరు."

"నాకుండాలనే ఉందండీ. మరి అది నన్నెల్లిపోమంటంది కదా."

ఆవిడ రత్నం తల నిమిరింది.

రత్నం తిరిగి వచ్చేసరికి మంజీర మంచం మీద కూర్చుని ముక్కు తుడుచుకుంటోంది.

"అక్కడ నేను నీతోని ఒక్క మాట గూడ మాట్లాడలే. నువ్వు ఏడుస్తుంటే చూసి, అటు తిరిగి పండుకున్న. నువ్వు పోయినంక నెలంతా నీ మంచం ఖాళీగనే ఉండె. ఆ దిక్కు చూడకుంట దుప్పటి కప్పుకునేదాన్ని."

"నువ్వలాగ సెయ్యనేదు కదా! వొచ్చిన రోజే నా సెయ్యట్టుకున్నావు."

"అక్కడ చేసిన గదనే."

ఆ మాట విని నఫీసా లేచి వచ్చింది. తనూ అక్కడ అంతేనట, ఏడుస్తున్న రత్నాన్ని చూసి చూడనట్టు దాటిపోయిందట. తర్వాత ఇంకొకరు. ఆ తర్వాత మరొకరు. ఆ తప్పు తనొక్కతే చేసిందనుకుని ప్రతిపిల్లా లోలోపలే కుమిలిపోయింది. భయం తీసెయ్యడానికి కట్టిన యంత్రం, చెయ్యని తప్పుకు పశ్చాత్తాపపడే పిల్లలను తయారుచేస్తుందని దాన్ని కట్టినవాళ్ళకు తట్టి ఉండదు. ఆ పసిమనసులకు చేతులెత్తి మొక్కాలి.

రత్నం మాత్రం చేతులు కట్టుకుని నిలబడింది.

"అందరూ నన్ను మంచిగా పంపించేద్దామనే అనుకున్నారు గానీ, ఉండమని ఒక్కులూ అననేదు."

పోయే మనిషిని ఉండమని అడగవచ్చని వాళ్ళకు నిజంగానే తోచలేదు. జరిగేది జరిగిపోయినట్టే లెక్క అని నమ్మి పెరిగిన పిల్లలు.

"ఉంటవా మరి?" అంది మంజీర, అడగడం కొత్తగా నేర్చుకుంటున్నట్టు.

ఉండాలని రత్నానికి కొండంత ఆశ. కాని రేపు అమ్మను చూస్తే తన కాళ్ళు తన మాట వింటాయన్న ధైర్యం లేదు.

ఆదివారం పైడితల్లి వచ్చింది. ఉప్పుగాలికి కమిలిన ముఖం, చేతిలో చేపలకూర డబ్బా. కూతురికి చెట్టుకింద కలిపి తినిపించింది. తినిపిస్తూనే, "పెట్టె సర్దుకో తల్లీ, పోదాం. నాచుతోట పని మానేస్తానని సెప్పొచ్చాను," అంది.

"నానొచ్చేస్తానని నీకెవులు సెప్పారు?"

"ఎవులో సెప్పడమేటి? నిన్ను కుర్సీలో పడుకోబెట్టొద్దని డాక్టర్లన్నారని, మునుబతుకు గదోళ్ళు నన్ను కూకోబెట్టి మాటాడించారు. 'మీరు లేకుండా పిల్ల ఉంటాదా' అన్నారు. ఉండనేదు అన్నాను. మల్లా అడిగితే మల్లా అదే సెప్పాను."

రత్నం నమలడం మానేసింది. ఇన్నాళ్ళూ అందరి మునుబతుకుల్లోనూ ఏడ్చి బస్సెక్కిన ఆ నీడ ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు అప్పుడు తెలిసింది.

"అమా, నువ్వు పడవెక్కినప్పుడల్లా నానుండనేదా?"

"ఉన్నావు."

"మరి ఉండనేంది ఎవులు?"

పైడితల్లి చెయ్యి డబ్బాలోనే ఆగిపోయింది. కూతురి ముఖం చూసింది, అటు వరండాలో ఊపిరి బిగబట్టి చూస్తున్న పిల్లలను చూసింది.

"నానే," అంది చివరికి. "నానేనే తల్లీ."

రత్నం తల్లి మెడ కౌగిలించుకుని భోరుమంది. ఏడుస్తూనే, "నానిక్కడే ఉంటాను, అమా. నువ్వు పనిమానకు. గట్టుకొచ్చిన ఆదోరం మల్లీ రా," అంది. తల్లి మిగిలిన ముద్ద కూడా పిల్ల నోట్లో పెట్టి, డబ్బా కడుక్కుని లేచింది. ఆ గేటు దగ్గర కళ్ళొత్తుకుంటూ, ఆగి ఆగి వెనక్కి చూసుకుంటూ వెళ్ళిన తల్లి ఎన్నో ఏళ్ళలో ఆమె ఒక్కతే.

బస్సు కదిలిపోయింది. వరండాలో పిల్లలు కేరింతలు కొట్టారు. సాయంత్రం భోజనాల గంట మోగేదాకా ఆ సంబరం సాగింది.

భోజనాల హాల్లో నఫీసా కంచం పట్టుకుని మంజీర పక్కకు వచ్చి, అక్కడే ఆగిపోయింది. మునుబతుకులో ఆ రాత్రి నుంచి ఆ చోటు తనది. వెళ్ళిపోయిన పిల్ల ఖాళీచేసిన చోటు. ఇప్పుడక్కడ రత్నం కూర్చుని ఉంది.

"ఈడ నేను గదా కూచోవల్సింది," అంది మెల్లగా. కోపంతో కాదు. "ఇంగ నేనేడ కూచోవల్ల? రేపేం జరుగుతాదో నాకు తెల్దే..." అని, కంచం బల్లమీద పెట్టి, "అమ్మీ!" అంటూ ఒక్కసారిగా బావురుమంది.

అప్పటిదాకా ఎవరికీ స్ఫురించని సంగతి అది. వాళ్ళు బతికివచ్చిన నెల రత్నం లేని నెల. బస్సు ఆమె లేకుండా వెళ్ళిపోయిన నిమిషం నుంచి ఆ నెల చెల్లని కాసైపోయింది. రేపు వరుసలో ఎవరి వెనక ఎవరో, ఎవరికి ఎవరు స్నేహమో, ఎవరితో పోట్లాటో ఎవరికీ తెలియదు. రేపు అంటే ఏమిటో జీవితంలో మొదటిసారి ఎదురుపడి, ఒకరి తర్వాత ఒకరు ఏడుపు అందుకున్నారు. మంజీర కూడా బల్లమీద తలపెట్టి ఏడ్చింది. సుగుణావతి పరుగున వచ్చి, అంతమంది ఏడుపు ఒక్కసారి విని, ద్వారబంధం పట్టుకుని నిలబడిపోయింది.

రత్నం ఒక్కతే ఏడవలేదు. ఆమె ఏడుపు ఆ వారంలోనే అయిపోయింది. బెంచీ మీద పక్కకు జరిగి, నఫీసాను చెయ్యిపట్టి కూర్చోబెట్టుకుంది.

"ఇయ్యాల అన్నం గొంతు దిగదు. దిగకపోయినా రెండు ముద్దలు తినాల, లేపోతే తెల్లారి కళ్ళు తిరుగుతాయి," అంది, అందరికీ వినబడేలా. "ముసుగేసుకుని ఏడిస్తే ఊపిరాడదు, ముసుగు తీసేసి ఏడవండి. రేపు గంట కొడితే ఆ గంట మీద పట్టరాని కోపమొస్తాది. ఎల్లుండీ వొస్తాది. తర్వాత ఒక పూట ఉన్నట్టుండి ఆకలేస్తాది. ఆకలేసిందంటే మరి ఫర్లేదు."

నఫీసా వెక్కిళ్ళ మధ్య అడిగింది. "ఆ తర్వాత ఏమయితాది?"

"అది నాకూ తెల్దు," అంది రత్నం. "నాకూ అంతవరకే అయింది."

నఫీసా కళ్ళు తుడుచుకుని, ముద్ద కలిపింది.