తెర మీద రెండో గిరిజాకుమారి

"పెద్దావిడ క్షేమం. సిలిండర్ నిండుకుంది."

ఫోన్‌లో రోహిత్ చదివిన మెసేజ్ అంతే. ఏజెంట్ మధుసూదన్ వ్యాన్‌ని రోడ్డు పక్కకు తీసి ఆపేశాడు.

"ఎప్పుడొచ్చింది?"

"మార్నింగే, అంకుల్. ఆల్ గ్రాండ్, అంతా బాగుందని ఫైల్ చేసేశా. సిలిండర్ ఫుల్ అనే కదా?"

రోహిత్ గూఢచారి సంస్థ డబ్లిన్ ఆఫీసులో డీకోడర్, రహస్య సందేశాలు విప్పిచెప్పేవాడు. ఐర్లండ్‌లోనే పుట్టి పెరిగాడు.

"మీ అమ్మ ఎప్పుడూ బియ్యం నిండుకున్నాయి అనలేదురా?"

"అంటుంది. అప్పుడు డాడ్ షాప్‌కి వెళ్ళి... ఓ గాడ్."

ఇంట్లో ఏది అయిపోయినా లేదనకూడదని, నిండుకుందంటాం. మెసేజ్‌లన్నీ చదివే ముఠావాళ్ళ ట్రాన్స్‌లేషన్ సాఫ్ట్‌వేర్‌ని బోల్తా కొట్టించాలనే పెద్దావిడ దగ్గరున్న నర్సు సుధేష్ణ ఆ మాట ఎంచుకుంది. ఖర్మ కాకపోతే, మనవాడు కూడా బోల్తా పడ్డాడు.

సెరెల్లా దీవులకు స్వాతంత్ర్యం వచ్చి ఏడాది కాలేదు. కోవిడ్ దెబ్బకు రాజ్యాంగ సభ సభ్యులు తలో దేశంలో ఇరుక్కుపోతే, చర్చంతా వీడియోలోనే నడిచింది. ఆమోదానికి ఓటింగ్ ఈ సాయంత్రమే. జనాన్ని అడగకుండా ఓడరేవును పరాయివాళ్ళకు అప్పగించకూడదన్న ఒక్క అధికరణం మీదే గొడవంతా. ఆ ఓడరేవు మీద కన్నేసిన ముఠా సభలో సగం మందిని లొంగదీసుకుంది. ఇక ఒక్క ఓటు అటో ఇటో. అది మెసేజ్‌లోని పెద్దావిడ, గిరిజాకుమారి ఓటు. చెరకు తోటలకు వలసపోయిన తెలుగు కూలీల మునిమనవరాలు ఆమె. జబ్బుపడి ఐర్లండ్‌లోని రింగాస్కిడీలో, ముఠా కాపలా పెట్టిన ఒక అద్దె ఇంట్లో చిక్కుకుపోయింది. సుధేష్ణ ముఠా దగ్గర జీతం తీసుకుంటుంది, మనకు కబుర్లు పంపుతుంది. ఎవరి మనిషో ఆమెకే తెలియాలి.

సిలిండర్ అన్న మాట వింటే చాలు, మధుసూదన్‌కు అక్క గుర్తొస్తుంది. మొన్న సెప్టెంబర్‌లో గుంటూరులో ఆమె ఆక్సిజన్ దొరక్క పోయింది. ఊపిరందక ఆమె నోరు తెరవడం వీడియో కాల్‌లో చూస్తూ కూర్చున్నాడు, అంతకన్నా ఏం చేయగలడు? అప్పటి నుంచీ ఫోన్ మోగితే ముందు అక్కే అనిపిస్తుంది. ఆ తర్వాత భయమేస్తుంది.

తెలిసిన ఫార్మసీలో ఆక్సిజన్ సిలిండర్, డెలివరీ యూనిఫాం సంపాదించి బయల్దేరాడు. చెక్‌పాయింట్ దగ్గర గార్డ్స్, అంటే అక్కడి పోలీసులు, ఆపారు. లాక్‌డౌన్‌లో ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదు మరి. సిలిండర్ చూసి, "గ్రాండ్, గో ఆన్," అన్నారు.

తలుపు తీసింది ముఠా కాపలాదారు తోమా. మాస్క్ గడ్డం కింద వేలాడుతోంది.

"ఎవడు పిలిచాడు నిన్ను?"

"ముందు చేతులు శానిటైజ్ చేసుకోండి సార్."

ఏడాదిగా అలవాటైన చేతులు. అడగ్గానే వాటంతటవే ముందుకొచ్చాయి. మధుసూదన్ ఒంపిన సీసాలో ఉన్నది ల్యాబ్ వాళ్ళ ప్రత్యేక సరుకు, మత్తుమందు. వాసన ముక్కుకు తగలగానే తోమా గుమ్మంలోనే జారిపోయాడు.

"ఇంత లేటా?" అంది సుధేష్ణ. పీపీఈ కిట్‌లో కూడా కాటుక దిద్దుకునే మనిషి. ఆ కాటుక ఇవాళ చెంపల దాకా కారింది.

"మా వాడికి తెలుగు నేర్పాల్సొచ్చింది."

వంటింట్లో ల్యాప్‌టాప్ తెర మీద గిరిజాకుమారి మాట్లాడుతోంది. నిండైన ముఖం, కుంకుమ బొట్టు, ఎక్కడా తడబాటు లేదు. "ఈ రాజ్యాంగాన్ని నేను వ్యతిరేకిస్తున్నాను." అదే క్షణంలో పడగ్గదిలోంచి గురక లాంటి ఆయాసం వినిపించింది. మధుసూదన్‌కు అక్క ఆయాసం విన్నట్టే అనిపించి సిలిండర్ భుజానికెత్తుకున్నాడు.

"విదేశంలో ఎవత్తో కూర్చుని, ఈ ల్యాప్‌టాప్ తయారుచేసే ఈవిడ ముఖం తగిలించుకుంది," అంది సుధేష్ణ. "అసలావిడ చావాలని వీళ్ళు ఆక్సిజన్ తెప్పించలేదు. పొద్దున మెసేజ్ పంపగానే నా ఫోన్లన్నీ తోమా లాక్కున్నాడు."

మధుసూదన్ ఆక్సిజన్ పెట్టాడు. కాసేపటికి పెద్దావిడ కళ్ళు తెరిచి, "ఓటు," అంది.

తోమా జేబులోంచి తీసిన ఫోన్‌తో సుధేష్ణ అంబులెన్స్‌కు చెప్పి, ఆమెను సభలో కలిపింది. తెర మీద ఇద్దరు గిరిజాకుమారిలు. సభాధ్యక్షుడు జనార్దనరావు కళ్ళజోడు సవరించుకున్నాడు.

"మీలో ఎవరమ్మా..."

"ఆ రోగిష్టిది నకిలీ, అధ్యక్షా," అంది మొదటిది.

ఓటింగ్ ముగియడానికి ఇంకా నిమిషమే ఉంది. మధుసూదన్ ఫోన్ మీదికి వంగాడు. "అయ్యా, ఇద్దర్నీ బొట్టు సరిచేసుకోమనండి."

అసలావిడ వణికే వేలు పైకెత్తి నుదుటికి ఆనించింది. నకిలీ ఆమె కూడా నవ్వుతూ వేలెత్తింది. ఆ వేలు కంప్యూటర్ అతికించిన నుదుట్లోకి దిగిపోయింది. నుదురు పాల మీది మీగడలా ముడుచుకుపోయింది. సభలో ఎవరో దేవుణ్ణి తలుచుకున్నారు.

"అనుకూలం," అంది అసలు గిరిజాకుమారి. గడువు ముగిసిన గంట ఆ మాట వెనకే మోగింది.

"గెలిచామా, నాయనా?"

"గెలిచాం, అక్కా."

ఎందుకలా పిలిచాడో తర్వాత గానీ అతనికి తెలియలేదు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది. అంబులెన్స్ వచ్చేసరికి ఆ పట్టు వదిలేసింది. ఈసారి పక్కనే ఉన్నాడు, అంతే తేడా. మధుసూదన్ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

వంటింట్లో ల్యాప్‌టాప్ ఇంకా నడుస్తూనే ఉంది. సభ ఆ లింకు తెంపేసింది, ఆడించే మనిషి పారిపోయింది, ముఖం మాత్రం కళ్ళార్పుతూ చిరునవ్వు నవ్వుతోంది.

"ఆపెయ్యనా?" అన్నాడతను.

"వద్దు. సాక్ష్యం, అలాగే ఉంచమన్నారు." సుధేష్ణ కుర్చీ లాక్కుని తెరకు వీపు పెట్టి కూర్చుంది. "గెలిచినావిడ పోయింది. ఓడిపోయినావిడ చూడు, నిక్షేపంలా ఉంది."