కరిగిన భరిణె

బాలానగర్‌లో ఒక లేత్ వర్క్‌షాప్ వెనక గది. చీఫ్ సీతారామాంజనేయులు తళతళలాడే చెంచాతో వేడి టీ కలిపాడు. నిమిషంలో చెంచా మాయమై, గ్లాసు అడుగున వెండి రంగు చుక్కలు మిగిలాయి.

“గాలియం. ముప్పై డిగ్రీలకే కరిగే లోహం. అల్యూమినియం మీద చిన్న గీత దొరికితే చాలు, లోపలికి దూరి పైపునంతా బిస్కెట్‌లా పొడి చేస్తుంది.”

ఏజెంట్ ఆదర్శ్ తన ముందున్న టీ ముట్టుకోలేదు.

టార్గెట్ మాదాపూర్‌లోని ఒక డేటా సెంటర్. రాష్ట్రంలో అంబులెన్స్ కోసం వచ్చే ప్రతి ఫోన్ కాల్ అక్కడి సర్వర్ల మీదే నడుస్తుంది. వాటిని చల్లబరిచే నీళ్ల పైపు అల్యూమినియంది. అది పగిలితే సర్వర్లు ఆగుతాయి, ప్రాణాలు పోతాయి. విదేశీ ముఠా ఆయుధ పూజ రోజున ముహూర్తం పెట్టుకుంది.

“నీ కవర్ పురోహితుడు. కృష్ణప్రియ అక్కడ హెచ్‌ఆర్ హెడ్‌గా చేరి మూడు నెలలైంది. పూజ కోసం లోపలికొచ్చే లోహపు సామానంతా ఆవిడే చెక్ చేస్తుంది.”

ఆ పేరు వినగానే ఆదర్శ్‌కి సగం భారం దిగింది. ఆరేళ్లుగా ఒకే టీమ్. అతని కుడిచేతి వెండి ఉంగరం ఆమె ఇచ్చిందే, లోపల ట్రాకర్ ఉంది. “తియ్యకు, నువ్వెక్కడున్నా నాకు తెలియాలి,” అంది. అతను స్నానానికి కూడా తియ్యలేదు.

పూజ రోజు ఆదర్శ్ తన ఇద్దరు శిష్యులను లిఫ్ట్ దగ్గర ఉంచి లోపలికెళ్లాడు. సర్వర్ హాల్లో కృష్ణప్రియ కంచిపట్టు చీరలో ఎదురొచ్చింది.

“చల్లటి నీళ్లివ్వనా పంతులుగారూ?”

“గోరువెచ్చగా చాలమ్మా.”

కోడ్ కలిసింది. ఆమె పూలు పెట్టిన ఐస్ బాక్స్‌లోంచి వెండి కుంకుమ భరిణె తీసి ఇచ్చి, గొంతు తగ్గించింది. “అన్నీ చెక్ చేశాను, క్లీన్. ముందు ఆ పైపుకి బొట్టు పెట్టెయ్యి. పసుపు రాసిన చోట.”

ఆదర్శ్ పెట్టాడు. వేలి వేడికి కుంకుమలో ఏదో బరువైన తడి తగిలింది. నెయ్యి కలిపారేమో అనుకున్నాడు.

“ఇక హారతి ఇచ్చేయండి,” అంది పైకి.

కానీ ఆఫీసు జనం ఊరుకోలేదు. గోత్రనామాలు చదవకుండా హారతేమిటన్నారు. నైట్ షిఫ్ట్ వాళ్లవి, సెలవులో ఉన్నవాళ్లవి, ఆన్‌సైట్‌లో ఉన్నవాళ్లవి కలిపి నూట పన్నెండు పేర్ల లిస్ట్ చేతికొచ్చింది. రెండు వారాలు సంకల్పం బట్టీపట్టిన ఆదర్శ్ ఎడమచేతిలో భరిణె, కుడిచేతిలో లిస్ట్ పట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. కృష్ణప్రియ రెండుసార్లు వాచీ చూసుకుంది. ముఠా అన్నీ లెక్కేసుకుంది కానీ, గోత్రాలకు పట్టే టైమ్ లెక్కెయ్యలేదు.

నలభయ్యో పేరు దగ్గర అతని అరచెయ్యి తడిసింది. భరిణె అంచు వంగి, మెరిసే చుక్క ఒకటి పంచె మీద పడింది.

వెండి అరచేతిలో కరగదు.

అతను తలెత్తాడు. పక్కనే కృష్ణప్రియ, చిరునవ్వు చెదరకుండా. “కెమెరాలో బొట్టు పెట్టింది నువ్వు. నేను కాదు.”

“ఎందుకు ప్రియా?”

“ఆరేళ్లలో నన్ను ఒక్కసారి కూడా చెక్ చెయ్యలేదు నువ్వు. అంత తేలికైతే ఎవరు చెయ్యరు?”

ఆమె తలుపు వైపు నడిచింది. “ఆమెను ఆపండి!” అని ఆదర్శ్ బయటున్న శిష్యులకు కేకేశాడు. భరిణె పళ్లెంలో పడేసి పైపు దగ్గరికి పరుగెత్తి, పసుపు తుడిచాడు. కింద ఎవరో ముందే గీసిపెట్టిన గీత. దాని చుట్టూ లోహం బూడిద రంగు తిరిగి పొరలుగా రాలుతోంది.

“వేరే లైన్ ఉందా?”

మెయింటెనెన్స్ యాదయ్య ముందుకొచ్చాడు. “పాత రాగి లైన్ ఉంది సార్. పీకి పారెయ్యమన్నరు, నేనే పీకలే.”

“వాల్వ్ తిరుగుతుందా? తుప్పు పట్టి ఉంటుంది కదా?”

“మీరు సర్వర్లకు బొట్లు పెడ్తరు. నేను ప్రతి దసరాకు దీనికి బిగుసుకోకుంట గ్రాఫైట్ పొడి పెడ్త. జర పట్టుండ్రి.”

ఇనుప చక్రం తిరిగింది. పన్నెండు చుట్లు తిప్పాలి. తొమ్మిదో చుట్టులో అల్యూమినియం పైపు ఫట్‌మని విరిగి, నీళ్లు చిమ్మాయి. హాల్లో అలారం మోగింది. పది. పదకొండు. టెంపరేచర్ డిస్‌ప్లే ఎర్రబడింది. పన్నెండు. రాగి పైపు ఒక్కసారి వణికి చల్లబడింది. అంకెలు దిగడం మొదలైంది. ఒక్క కాల్ కూడా తెగలేదు.

కృష్ణప్రియ లిఫ్ట్ దాకా వెళ్లగలిగింది. శిష్యుల వేషంలో ఉన్న ఇద్దరు ఏజెంట్లు అక్కడే ఉన్నారు.

సాయంత్రం మళ్లీ బాలానగర్. ఆదర్శ్ ఉంగరం తీసి వేడి టీలో వేసి చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. ఆరేళ్లు వేలి మీద కరగనిది ఇక్కడా కరగదని తెలిసినా, కరిగితే బాగుండనుకున్నాడు. ఆరేళ్లూ అబద్ధమేనని తేల్చుకుని ఇంటికి వెళ్లొచ్చు.

“ఏమైంది?” అడిగాడు చీఫ్.

“కరగలేదు సార్. అసలు వెండే.”

చీఫ్ గ్లాసులోకి తొంగి చూశాడు. “అయితే ఆ టీ తాగొచ్చులే.”

ఆదర్శ్ తాగాడు. అప్పటికే చల్లారిపోయింది.