అద్దం అవతల కొత్తావిడ

మా పరిశోధన గదిలో ఒకటే కట్టుబాటు. చూడాలి, రాసుకోవాలి, మధ్యలో వేలు పెట్టకూడదు. పిల్లలు ఆడుకునే గదికీ, మేం కూర్చునే చీకటి గదికీ మధ్య ఒక అద్దం. వాళ్ళు మాకు కనపడతారు, మేం వాళ్ళకి కనపడం. తల్లి కాసేపు బిడ్డతో ఉంటుంది. ఓ కొత్తావిడ వచ్చి కూర్చుంటుంది. తల్లి బయటికెళ్ళిపోతుంది. బిడ్డ ఏడుస్తుందా, తల్లి తిరిగొస్తే ఎగిరి చంకెక్కుతుందా... ఇదీ మేం చూసేది. కొత్తావిడ పని మా ఆఫీసు టైపిస్టుది. వచ్చి ఊరికే కూర్చుంటుంది కాబట్టి అందరం ఆవిణ్ణి ‘చుట్టం’ అంటాం.

ఆ మధ్యాహ్నం వచ్చిన తల్లి మా అక్క. నెలల తరబడి ఆసుపత్రిలో పడుండి, చావు తప్పించుకుని ఇంటికొచ్చింది. బిడ్డ తనని మర్చిపోయిందని ఒకటే బెంగ. “దానికి నేను కావాలో వద్దో నువ్వే చూసి చెప్పవే” అంటూ నా ప్రాణం తోడేసింది. మా పనిలో సొంతవాళ్ళని ఇలా చూడరు. కానీ అక్క ఏడుపు చూళ్ళేక ఒప్పుకున్నాను.

మామూలుగానే మొదలైంది. ఆటగది తలుపు తెరుచుకుంది. బూడిదరంగు శాలువా కప్పుకున్న మనిషి వచ్చి, మాకు వీపు పెట్టి కుర్చీలో కూర్చుంది. ఏసీ చలికి చుట్టం కూడా శాలువా కప్పుకుంటుంది. ఎన్నిసార్లు మొత్తుకున్నా ఈవిడ అద్దం వైపు తిరగదు కదా అని విసుక్కున్నాను. అక్క తలదించుకుని బయటికొచ్చి నా పక్కన చేరింది.

బిడ్డ ఏడవలేదు. పాక్కుంటూ వెళ్ళి ఆవిడ మోకాళ్ళు పట్టుకుంది. ఆవిడ ఒళ్ళోకి తీసుకుని శాలువా కప్పింది.

“చూశావా... నా దగ్గర ఒక్కరోజైనా అలా ఉందా?” అంది అక్క.

స్పీకర్లోంచి సన్నగా జోకొడుతున్న చప్పుడు. ఆ తర్వాత ఇంకో చప్పుడు. గుటకలు... చిన్న చిన్న గుటకలు. రెండు గదులకీ ఒకటే ఏసీ గొట్టం. అందులోంచి తడిమట్టి వాసన కొట్టింది.

“ఏం చేస్తోందే ఆవిడ?” అక్క లేవబోయింది.

“కూర్చో అక్కా. ఇప్పుడు వెళ్తే అంతా పాడైపోతుంది.” చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టాను.

అప్పుడు మా వెనక తలుపు తెరుచుకుంది.

“ఏమనుకోకమ్మా,” రొప్పుతూ అంది చుట్టం. “లిఫ్టులో ఇరుక్కుపోయాను. ఇంకా మొదలెట్టలేదు కదా?”

అద్దం వైపు తిరిగాను. కుర్చీలో ఊగడం ఆగిపోయింది... మా మాటలు విన్నట్టు. శాలువా కింద తల మెల్లగా లేస్తోంది...

అక్క కెవ్వుమని అరిచి పరిగెత్తింది. దాని వెనకే నేను. ఆటగది తలుపు రాదు. ఎంత లాగినా రాదు. అక్క గోళ్ళతో రక్కుతోంది.

“నన్ను తీసుకుపో... నీకు దణ్ణం పెడతాను... దాన్ని వదిలెయ్!”

తలుపు దానంతటదే తెరుచుకుంది.

కుర్చీ ఖాళీ. ఆ గదికి ఇంకో దారి లేదు. బిడ్డ నేలమీద కూర్చునుంది. ఒంటిమీద చిన్న గీతైనా లేదు. అమ్మయ్య అనుకున్నాను. అక్క కూలబడి గుండెలకి హత్తుకుంది.

అప్పుడు ఏడ్చింది బిడ్డ. ఆ గదిలో ఎంతమంది పిల్లల్ని చూశానో! అలాంటి ఏడుపు కొత్తవాళ్ళు ఎత్తుకుంటేనే ఏడుస్తారు. అక్క ముఖాన్ని తోసేస్తూ, ఖాళీ కుర్చీ వైపు చేతులు చాస్తోంది.

“నేనేనమ్మా... అమ్మని... ఒక్కసారి నన్ను చూడవే, నా బంగారు తల్లీ...”

అక్క బిడ్డ మూతి తుడుస్తూ ఆగిపోయింది. తడిసిన వేలు నా ముందు పెట్టింది. పాలు. అక్కకి జబ్బు చేసినప్పుడే ఇంకిపోయాయి. గదిలో సీసా లేదు, గ్లాసు లేదు.

“ముట్టుకుని చూడవే,” అంది అక్క.

ముట్టుకున్నాను. మంచులా ఉన్నాయి.