ఎనభై నాలుగు లింకులు

"ఏంది సారూ, గిది గైడా, గోదామా?"

కరోనాతో కాలేజీ మూతపడ్డాక లైబ్రరీకి వచ్చిన మొదటి ఫోన్ అది. రఘుపతికి సూరత్‌లోని ఆ లైబ్రరీలో టెంపరరీ ఉద్యోగం. సైకాలజీ విద్యార్థులు ఇంటి నుంచే పరిశోధన పేపర్లు వెతుక్కోవాలని మూడు వారాలు కూర్చుని ఆన్‌లైన్ గైడ్ చేశాడు. ఎనభై నాలుగు లింకులు. జూలై నెలాఖరుకు రెండు వందల మందైనా వాడకపోతే పేజీ తీసేస్తామని, ఉద్యోగమూ అంతటితో సరి అని ప్రిన్సిపాల్ చెప్పేశారు. ఇప్పటికి వాడింది పదకొండు మంది. అందులో ఒకడు తనే.

"ఎవరు మాట్లాడేది?"

"సుమన. ఎం.ఏ. సైకాలజీ. లింబాయత్‌ల ఉంటం. మా బాపు సాంచాల మీద బట్ట నేస్తడు."

"మనోళ్లేనా?"

"మనోళ్లే. పేజీ మీద మీ పేరు జూసే తెలుగుల మాట్లాడిన. గని లింకులు మస్తు ఎక్కువైనయి."

"ఎక్కువుంటే మంచిదే గద," అన్నాడు ఉక్రోషంగా.

"గట్లనా? వీడియో కాల్ జేసి నా స్క్రీన్ చూపిస్త. నేను వెతుకుత, మీరు చూడుండ్రి. నోరు మాత్రం మెదపొద్దు."

అతని తెర మీద పేజీ కదిలింది. ముందు అతని నవ్వు ఫొటో. కింద స్వాగతం. ఇంకా కింద లైబ్రరీ చరిత్ర.

"పరీక్ష భయం మీద పేపర్ గావాలె నాకు. మీ ముఖం గాదు."

ఆరు నిమిషాలకు ఆమె డేటా అయిపోయి కాల్ తెగింది. పేపర్ దొరకనేలేదు. రఘుపతి చెవులు ఎర్రబడ్డాయి.

మర్నాడు తనే ఫోన్ చేశాడు. "ఏం తీసెయ్యాలె, చెప్పు."

"డేటాబేస్‌ల పేర్లు మాకేం ఎరుక సారూ? మాకు ఎరికైంది అసైన్‌మెంటే. దాని పేరు మీద పెట్టుండ్రి."

'కేస్ స్టడీ రాయాలా?', 'సర్వే ప్రశ్నలు కావాలా?' అని అయిదు బటన్లు. ఒక్కోదాని కింద మూడే లింకులు. అతను నాలుగోది పెడితే ఆమె కొట్టేసేది. సుమన వాళ్లింటి రేకుల మీద వాన పెద్దదైతే మాట వినపడక ఇద్దరూ ఊరికే ఫోన్ పట్టుకుని కూర్చునేవారు. ఎవరూ పెట్టేసేవారు కాదు.

"నా ఫొటో గూడ తీసేస్తున్న," అన్నాడొకరోజు.

"తియ్యుండ్రి. నా దగ్గర ఒకటుంది."

నెలాఖరు ఆన్‌లైన్ మీటింగ్‌కు సుమననూ పిలిచారు. వాడినవాళ్లు నాలుగు వందల పన్నెండు మంది. రఘుపతి ఉద్యోగాన్ని ఇంకో ఏడాది పొడిగిస్తున్నామని ప్రిన్సిపాల్ హిందీలో ప్రకటించారు. తెర నిండా చప్పట్లు. అవి ఆగగానే సుమన గొంతు స్పష్టంగా వినిపించింది. మైకు తెరిచి ఉన్న సంగతి ఆమెకు తెలియదు.

"అమ్మా, గీ సారే. నౌకరి నిలవడ్డది. ఇగ బాపుకు చెప్పు."

తెర మీది గుజరాతీ ముఖాలకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. "ఏమంటోంది?" అని ప్రిన్సిపాల్ అడిగారు.

రఘుపతి తన మైకు తెరిచాడు. "వాళ్ల నాన్నకు నా సంగతి చెప్పమంటోంది సార్. ఆదివారం మా అమ్మను తీసుకుని నేనే వెళ్తున్నాను."

సుమన వీడియో చటుక్కున ఆగిపోయింది. మైకు మాత్రం ఆగలేదు. అందులోంచి వాళ్లమ్మ గంగవ్వ అంటోంది:

"మాస్కు పెట్టుకొని రమ్మను బిడ్డా. తినేటప్పుడు తీస్తడు గద, ముఖం గప్పుడు చూస్త."