మింగేసిన దీర్ఘం

లహరికి కోపమొస్తే ముందు ముక్కు ఎర్రబడుతుంది, తర్వాత మాటలు వస్తాయి. ఆ సాయంత్రం బందరు బస్టాండులో రెండూ ఒకేసారి వచ్చాయి.

గుడివాడ బస్సు దిగిన రాజ్ కుమార్ వానలో తడుస్తూ పరుగెత్తుకొచ్చాడు. పలకరించేలోపే ఆమె ఫోను అతని ముఖం ముందు పెట్టింది.

"ఏంటిది?"

"మన మిణుగు."

కాలేజీలో వెనక బెంచీ వాళ్లకు అర్థం కాకూడదని ఇద్దరూ కల్పించుకున్న భాష అది. వ్యాకరణమంతా లహరిదే. క్రియ చివర 'లు' తగిలిస్తే 'అయితే'. దీర్ఘం పెట్టి 'లూ' అంటే 'ఏమైనా సరే'. 'తిర' అంటే చెప్పడం.

"పెళ్లి సంగతేంటంటే 'నాన్న తిరలు' అని పంపుతావా? నాన్న చెబితే చేసుకుంటావా? చెప్పకపోతే? నేనేమన్నా ఆర్టీసీ బస్సునా, రైటంటే కదలడానికి, హోల్డానంటే ఆగడానికి?"

"ఒక్కసారి విను..."

"వినను! మొవ్వలో మావాళ్లందరితో పోట్లాడి ఒప్పించుకొచ్చాను. ప్రేమించేటప్పుడు లేని షరతు ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చింది? సిగ్గుండాలి!"

కళ్లలో నీళ్లు తిరిగాయి. అందుకు ఆమెకు ఇంకా ఒళ్లు మండింది.

రాజ్ ఫోను లాక్కుని చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"'తిరలూ' అని పెట్టాల్సింది లహరీ! బస్సు కుదుపులో దీర్ఘం పోయింది. నాన్న ఏం చెప్పినా నిన్నే చేసుకుంటా, ఒట్టు."

"అక్కడ దీర్ఘం మింగేసి, ఇక్కడ నా దగ్గర దీర్ఘాలు తీస్తున్నావా? ఆ ముక్క మీ నాన్నతో అను. తెలుగులో. ఇప్పుడే."

అవనిగడ్డలో ఉన్న తండ్రి మోషేగారికి ఫోను కలిపి స్పీకరు పెట్టాడు.

"నాన్నా, మీరేం చెప్పినా నేను లహరినే చేసుకుంటానండీ."

లహరి ఫోను దగ్గరికి వంగింది.

"ఏరా, ఏం చెప్పినా వినవా?" మోషేగారు ఉరిమారు.

"వినను నాన్నా."

"అయితే ఆ మొవ్వ అమ్మాయినే చేసుకోమని చెబుతున్నా. ఎలా వినవో చూస్తా!"

లహరికి నవ్వు తన్నుకొచ్చింది. పెదవి కొరికి ఆపుకుంది.

"కోపం పోయిందనుకోకు. ముందు ఆ మాట సరిగ్గా అను."

"తిరలూ."

"దీర్ఘం చాల్లేదు."

"తిరలూ... ఊ... ఊ!"

బస్టాండంతా తిరిగి చూసింది. కదిలిపోతున్న గుడివాడ బస్సులో కండక్టరు, ఎవరో బస్సు కోసం కేకేస్తున్నారనుకుని "హోల్డాన్!" అని అరిచాడు.