గడ్డం కింద గీత

ఇలా రావే బంగారూ, ఆ బ్యాగు అక్కడ పడేసి నా పక్కన కూర్చో. ఇంకా దగ్గరికి జరుగు. నాకు గట్టిగా చెప్పే ఓపిక లేదు, నీకు దూరం నుంచి వినే ఓపిక లేదు. మీ క్లాసు పిల్లలు ఇవాళ ఏమన్నారో నువ్వు మీ అమ్మతో చెబుతుంటే అంతా విన్నాను. మీ నాన్న చిన్నప్పుడు టీవీలో ఏడ్చేవాడట, ఆ పాత సీరియలు మళ్ళీ వేస్తున్నారట, అది చూసి నిన్ను ఆట పట్టిస్తున్నారట. అంతేనా? దానికి ముఖం అలా ముడుచుకోకు.

మీ నాన్న గడ్డం కింద ఒక గీత ఉంది, చూశావా? నున్నగా గీసుకున్న రోజున బాగా కనబడుతుంది. ఆ గీత సంగతి నీకెవరూ చెప్పలేదు. చెప్పాల్సింది నేనే. ఎందుకంటే అందులో సగం తప్పు నాది.

అప్పటికింకా మీ నాన్న మీ నాన్న కాదులే. ఒక పొడుగాటి మనిషి, నెత్తిన టోపీ, మూతికి మాస్కు, ఎండ లేని రోజున కూడా నల్లకళ్ళద్దాలు. కొత్త సైకిలొకటి చేత్తో నడిపించుకుంటూ మన షాపుకొచ్చాడు. మా అల్లుడు, అంటే మీ అమ్మ వాళ్ళ నాన్న, పోయాక షాపు మీ అమ్మే చూసుకునేది. "ఆడపిల్లవి, నీకెందుకే ఈ గ్రీజు పని" అన్నవాళ్ళందరూ ఏడాది తిరక్కుండా తమ సైకిళ్ళు దాని చేతికే అప్పగించారు. నేను షాపు ముందు స్టూలేసుకుని, ట్యూబుని నీళ్ళ టబ్బులో ముంచి, బుడగలెక్కణ్ణుంచి వస్తున్నాయో చూసి పెట్టేదాన్ని. చదువు రాకపోతేనేం, గాలి ఎక్కడ పోతోందో పట్టుకోవడం నాకు బాగా వచ్చు.

"చైను సరిగ్గా లేదండీ," అన్నాడు.

మీ అమ్మ పెడలు తిప్పి చూసింది. "చైను నిక్షేపంలా ఉంది."

"అయితే బ్రేకేమో."

"బ్రేకూ బాగుంది."

"సీటు కొంచెం..."

"కూర్చుంటే కదండీ సీటు సంగతి తెలిసేది. టైర్లకి మట్టి కూడా అంటలేదు. ఇంటి నుంచి దీన్ని ఎత్తుకొచ్చారా ఏంటి?"

ఆయన చుట్టూ చూసి, ఎవరూ లేరని తేల్చుకుని, మాస్కులోంచే గొణిగాడు. "నాకు తొక్కడం రాదు."

"వయసెంత?"

"ఇరవై ఏడు."

మీ అమ్మకి నవ్వాగలేదు. ఆయనకి కోపం ఆగలేదు. "మీకొచ్చినవన్నీ నాకూ రావాలని రూలుందా?" అంటూ సైకిలు విసురుగా వెనక్కి తిప్పాడు. ఆ విసురుకి చెవి మీంచి తాడు జారి మాస్కు ఊడి కిందపడింది.

నా చేతిలో ట్యూబు నీళ్ళలోకి జారిపోయింది. "పిచ్చుక," అన్నాను.

అదే ఆ సీరియల్లో మీ నాన్న పేరు. ఏడేళ్ళు నడిచిందమ్మా అది. సాయంత్రం ఆరున్నరైతే చాలు, వీధిలో మనిషి కనబడేవాడు కాదు. అందులో ఎవరైనా వాళ్ళమ్మని ఒక మాటంటే ఈ పిల్లాడు తలుపు పక్కన నిలబడి ఎడమ కంట్లోంచి ఒక్క చుక్క రాల్చేవాడు. ఒక్కటే, ఎక్కువ కాదు తక్కువ కాదు. ఆ ఒక్క చుక్కకి నేను కార్చిన నీళ్ళు పట్టి ఉంటే ఈ టబ్బు నిండేది.

అంతటి పిల్లాడు నా ఎదురుగా ఇంతవాడై నిలబడితే నాకు ఒళ్ళు తెలియలేదు. "నాయనా, ఒక్కసారి ఆ ఏడుపు ఏడిచి చూపించవూ," అని అడిగేశాను.

ఆయన కళ్ళద్దాలు తీశాడు. ముఖం వెలుతురు వైపు తిప్పాడు, రెండుసార్లు రెప్పలు కొట్టాడు. ఎడమ చెంప మీద చుక్క జారింది. చేత్తో తుడుచుకుని, "సరిపోయిందా అమ్మమ్మగారూ, ఇంకోటి కావాలా?" అన్నాడు, కొట్లో సరుకు కట్టిచ్చినవాడిలా.

నేను చప్పట్లు కొట్టాను. మీ అమ్మ కొట్టలేదు.

"అమ్మమ్మా, ఆయనేమన్నా కుళాయా, తిప్పి చూడ్డానికి?" అంది. తర్వాత ఆయనతో, "రేపు పొద్దున ఆరింటికి రండి. వీధి ఖాళీగా ఉంటుంది. నేర్పుతాను," అంది.

"నవ్వరుగా?"

"నవ్వొస్తే నవ్వుతాను. నేర్పడం మాత్రం నేర్పుతాను."

అలా మొదలైంది. ఆయన సీటు మీద కర్రలా బిగుసుకుని కూర్చునేవాడు, మీ అమ్మ వెనకాల క్యారియరు పట్టుకుని పరిగెత్తేది. "ముందుకి చూడండి, చక్రాన్ని చూస్తారేంటి, అదెక్కడికీ పారిపోదు," అని ఈవిడ. "మీరు వదలరుగా, వదలరుగా," అని ఆయన. పాలవాడు, పేపరువాడు ఆగి మరీ చూసేవాళ్ళు.

అలిసిపోయాక మా స్టూళ్ళ మీద టీ తాగుతూ చెప్పేవాడు, ఒక్కో రోజు ఒక్కో ముక్క. మొహానికి దెబ్బ తగిలితే షూటింగు ఆగుతుందని సైకిలెక్కనివ్వలేదట. చెట్టెక్కనివ్వలేదు, ఆడుకోవడానికి బంతి కూడా స్పాంజిదే. బడి ఒకటో తరగతితో సరి, చదవడం డైలాగుల కాగితాల మీదే నేర్చుకున్నాడు. పన్నెండో ఏట గొంతు మారగానే కథలో పిచ్చుకని దూరంగా హాస్టలుకి పంపేశారు.

"ఇప్పటికీ ఆ హాస్టలు నుంచి నన్నెవరూ తీసుకురాలేదు అమ్మమ్మగారూ," అని నవ్వేవాడు.

ఆ తర్వాత ఏ పనిలో చేరినా ఇంతే. బట్టల షాపులో నిలబడితే జనం గుడ్డలు చూడడం మానేసి ఏడవమనేవాళ్ళట. చివరికి లైబ్రరీలో వెనక గది పని దొరికింది, చిరిగిన పుస్తకాలు కుట్టి అట్టలేసే పని. అక్కడికి మనుషులు రారు. అదే సుఖమన్నాడు.

ఒక రోజు మీ అమ్మ అడిగింది, అంత చిన్న పిల్లాడికి ఏడుపెలా వచ్చేదని.

"మీ అమ్మ నిన్నొదిలేసి వెళ్ళిపోయిందిరా అని చెప్పేవాళ్ళండీ. అమ్మని సెట్టు గోడ వెనకాల దాచేవాళ్ళు. మొదట్లో నిజమనుకునేవాణ్ణి. తర్వాత అలవాటైపోయింది, ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకుండానే వచ్చేది." గ్లాసు కింద పెట్టాడు. "నాకు పదకొండేళ్ళప్పుడు అమ్మ నిజంగానే పోయింది. సెట్లోకొచ్చి చెప్పారు. ఎడమ కంట్లోంచి ఒక్క చుక్క రాలింది. కట్ అంటారేమోనని అలాగే నిలబడ్డాను. ఎవరూ అనలేదు. అప్పట్నుంచి నా సొంత ఏడుపు ఎలా ఉంటుందో నాకే తెలీదండీ."

మీ అమ్మ ఆయన గ్లాసులో ఇంకాస్త టీ పోసింది.

మొదటి వారం నల్లకళ్ళద్దాలు పోయాయి. రెండో వారం మాస్కు, మూడో వారం టోపీ. నాలుగో వారానికి మీ అమ్మ గ్రీజు చేతులు సబ్బుతో రెండేసిసార్లు కడగడం మొదలుపెట్టింది. నేనేమీ అనలేదు. నేనెప్పుడైనా ఏమన్నా అంటానా?

ఐదో వారంలో ఒక పొద్దున వాన పట్టుకుంది. ఇద్దరూ పరిగెత్తుకొచ్చి షాపు రేకుల కింద నిలబడ్డారు. ఉన్నది రెండడుగుల జాగా. వాన అటు తోస్తే ఇద్దరూ ఇటు జరుగుతారు, ఇటు తోస్తే అటు జరుగుతారు. పెళ్ళిచూపులకి పెద్దలెందుకు, ఆ వాన చాలు అనిపించింది నాకు, లోపల ట్యూబు ఆరబెడుతూ.

అప్పుడన్నాడు: "మీరు వెనకాల పరిగెడుతుంటే పడతానన్న భయం లేదండీ. మీరు వదిలేస్తారేమోనన్న భయమే. ఎప్పటికీ వదలకుండా ఉంటారా?"

మీ అమ్మ చెవులు ఎర్రబడ్డాయి. "వానలో వినబడలేదు. మళ్ళీ చెప్పండి," అంది.

వినబడిందే. వినబడింది కాబట్టే మళ్ళీ చెప్పమంది. అది నీకు పెద్దయ్యాక తెలుస్తుంది.

ఆయన మళ్ళీ చెప్పాడు. అచ్చం అలాగే చెప్పాడు. అవే మాటలు, 'భయం' దగ్గర అదే ఊపిరి, అదే చేత్తో జుట్టు అదే చోట సర్దుకోవడం. 'వదలకుండా' అనేచోట ముఖం వెలుతురు వైపు తిరిగింది. ఎడమ కంట్లోంచి ఒక్క చుక్క జారింది.

సంగతేంటంటే, షూటింగులో ఒకే మాటని దూరం నుంచి ఒకసారి, దగ్గర నుంచి ఒకసారి తీస్తారట. రెండూ అతకాలంటే వెంట్రుక వాసి తేడా రాకూడదు. 'మళ్ళీ' అన్న మాట చెవిన పడితే చాలు, ఏడేళ్ళు అరగదీసిన ఒళ్ళు తనంతట తానే చేసేస్తుంది. ఇది మాకు తర్వాత తెలిసింది. మీ అమ్మకి అప్పుడు తెలిసిందల్లా ఒక్కటే. ఆ చుక్కని అది ముందే చూసింది, నేను అడిగినప్పుడు.

"ఇంకోటి కావాలా అని కూడా అడగండి," అంది.

"ఏంటండీ?"

"మా అమ్మమ్మకీ అదే చుక్క, నాకూ అదే చుక్క. నన్నూ కెమెరా అనుకున్నారా?"

ఆయన 'లేదు' అనబోయాడు. ఆ 'లేదు' కూడా సీరియల్లో 'లేదు'లాగే ఉంటుందని భయపడ్డాడేమో, నోరు మూసుకుని వానలోనే సైకిలు నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు.

ఎనిమిది రోజులు రాలేదు. మీ అమ్మ కోపమంతా స్పోకుల మీద చూపించింది. బిగించి బిగించి మూడు విరగ్గొట్టింది.

"అడిగింది నేను కదే, తప్పు నాది," అన్నాను.

"నువ్వడిగితే మాత్రం ఆయన ఇవ్వాలా? ఎవరడిగితే వాళ్ళకిచ్చేస్తే ఇక నాకేం మిగిలినట్టు?" అంది. నాలుగోది కూడా విరిగింది.

తొమ్మిదో రోజు వచ్చాడు. నున్నగా గడ్డం గీసుకుని, మళ్ళీ మాస్కు పెట్టుకుని. సైకిలు నా ముందు స్టాండేశాడు.

"ఇది మీరే ఉంచండి అమ్మమ్మగారూ. ఎవరికైనా పనికొస్తుంది. ఆదివారం టీవీవాళ్ళు పాత సీరియలు మనుషులందర్నీ స్టేజీ మీదికి పిలుస్తున్నారు. పిచ్చుక పెద్దయ్యాక ఎలా ఏడుస్తాడో చూస్తారట. నచ్చితే కొత్త సీరియలు కూడా ఉంటుందట. నాలుగేళ్ళుగా వద్దంటున్నాను, ఇప్పుడు సరేనన్నాను."

"నీకిష్టమేనా నాయనా?"

"నాకొచ్చింది అదొక్కటేగా. నేను నిజం చెప్పినా అలాగే ఉంటుంది." మీ అమ్మ వైపు చూడకుండా అన్నాడు. "ఆదివారం దాకా మొహానికేమీ కాకుండా చూసుకోమన్నారు."

మీ అమ్మ తలెత్తలేదు. ఒక చక్రాన్ని ఊరికే తిప్పుతోంది. ఇక నేను నోరు మూసుకుంటే ఇద్దరి బతుకుల్లోంచీ గాలి పోయేలా ఉంది.

"సరే. కానీ మా షాపుకొక పద్ధతుంది," అన్నాను. "తొక్కి చూపించకుండా ఏ సైకిలూ వెనక్కి తీసుకోం."

అలాంటి పద్ధతి మా ఇంటావంటా లేదు. అప్పటికప్పుడు నోటికొచ్చింది. మీ అమ్మ చక్రం ఆపి నన్ను చూసింది. తర్వాత ఆయన్ని చూసింది.

"అవును, ఉంది," అంది.

"పడితే మొహం..."

"వీధి చివరిదాకా వెళ్ళి రండి. నేను పట్టుకోను."

"పట్టుకోకుండా ఎలాగండీ?"

"ఇన్నాళ్ళూ పట్టుకున్నాననుకున్నారా? మూడో వారమే చెయ్యి తీసేశాను. ఊరికే వెనకాల పరిగెత్తానంతే."

ఆయన వెనక క్యారియరు వంక చూశాడు. "మరి చెయ్యి తీసేశాక పరిగెత్తడమెందుకు?"

"పొద్దున్నే వ్యాయామం," అంది మీ అమ్మ.

మాస్కు తీసి నా ఒళ్ళో పెట్టి సైకిలెక్కాడు. వంకర పోయాడు, తిన్నగా వచ్చాడు. వీధి చివరిదాకా వెళ్ళాడు. మలుపు తిరిగాడు. "తొక్కడం వస్తోంది, వచ్చేస్తోంది," అని కేకలేస్తూ మా వైపు దూసుకొచ్చాడు. మీ అమ్మ నవ్వింది. అది చూసి బ్రేకన్న సంగతే మరిచిపోయాడు. ఎదురింటి మెట్టుకి గుద్దుకుని మొహం కిందుగా పడ్డాడు.

గడ్డం చీరుకుపోయింది. రోడ్డు మీదే కూర్చుని, అరచేతిలో రక్తం చూసుకుని, "మొహం," అన్నాడు.

"ఉంది, ఎక్కడికీ పోలేదు," అని మీ అమ్మ గుడ్డతో అదిమిపట్టింది.

అప్పుడు మొదలైందమ్మా. రెండు కళ్ళూ, ముక్కూ, ఎక్కిళ్ళూ, మూతి ఒక పక్కకి పోయి. "అమ్మా," అంటాడు, మళ్ళీ ఊపిరందదు, మళ్ళీ "అమ్మా" అంటాడు. పదహారేళ్ళ బాకీ ఆ ఏడుపు. వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. అలాంటి ఏడుపు ఏ టీవీవాడూ వెయ్యడు, చూసేవాళ్ళు ఛానలు మార్చేస్తారు. మీ అమ్మ మాత్రం పక్కన రోడ్డు మీద చతికిలబడి, ఆయన భుజం పట్టుకుని అలాగే ఉండిపోయింది.

కాస్త సర్దుకున్నాక అడిగింది. "ఆ రోజు వానలో ఏదో చెప్పారు. మళ్ళీ చెప్పండి."

"ఏం చెప్పాను?"

"భయం గురించి."

"అదే... నువ్వు వెనకాల ఉంటే... కాదు, ముందు సైకిలు... నాకు గుర్తు రావట్లేదు, గడ్డం మండిపోతోంది. ఈ ఎనిమిది రోజులూ నాకస్సలు బాలేదు. నువ్వు లేకపోతే బాలేదు. అంతే."

"ఇది బాగుంది," అంది మీ అమ్మ.

"మళ్ళీ చెప్పనా?"

"వద్దు. చచ్చినా మళ్ళీ చెప్పకు."

నాలుగు కుట్లు పడ్డాయి. ఆస్పత్రి బల్ల మీంచే టీవీవాళ్ళకి ఫోను చేశాడు, గడ్డం మీద గీత పడింది, రానని. పౌడరేసి కప్పేస్తామన్నారట. "వద్దండీ, నేను కప్పుకోను," అని పెట్టేశాడు. ఆ గొంతు ఏ సీరియల్లోనూ నేను వినలేదు.

తర్వాత నా దగ్గరికొచ్చి, కట్టు కట్టిన గడ్డంతో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మీ మనవరాల్ని అడగడానికొచ్చాను అమ్మమ్మగారూ. మీకేమైనా అభ్యంతరమా?"

"ఒక్కటే షరతు," అన్నాను. "ఈసారి నేనడిగినా ఏడవకు."

అప్పుడు నవ్వాడు. కుట్లు లాగి, అబ్బా అని, మళ్ళీ నవ్వాడు.

ఆ సైకిలే ఇది, మీ నాన్న రోజూ లైబ్రరీ పుస్తకాల పెట్టె వెనకాల కట్టుకుని ఇంటింటికీ తిరిగేది. వెనక గదిలో మనిషి ఇప్పుడు ఊరంతా తిరుగుతున్నాడు.

కాబట్టి బంగారూ, రేపు క్లాసులో వాళ్ళు పిచ్చుకని చూసి నవ్వితే నవ్వనీ. మీరు చూసింది ఒక్క చుక్కే, మిగతాది నా దగ్గరుంది అని ఈ గీత కథ చెప్పు. బాగా గుర్తు పెట్టుకో. నేను మరిచిపోయే రోజొస్తే నాకూ నువ్వే చెప్పాలి. కానీ నేను చెప్పినట్టు మాటకి మాట అప్పజెప్పకు. చెప్పిన ప్రతిసారీ ఏదో ఒకటి మారిపోనీ. ఆ రోజు రోడ్డు మీద మీ నాన్న మాటని మీ అమ్మ నమ్మింది కూడా అందుకే.